బుకెన్‌వాల్డ్: జాబితాలో కొట్టేసిన పేరు, ఎక్కించిన పేరు

1937 జూలైలో జర్మనీలోని వైమార్ పట్టణానికి ఎనిమిది కిలోమీటర్ల దూరాన, ఎట్టర్స్‌బర్గ్ అనే కొండ మీద అడవి నరికించి నాజీలు ఒక నిర్బంధ శిబిరం కట్టడం మొదలుపెట్టారు. మొదట దానికి కొండ పేరే పెట్టారు. వైమార్‌లోని నాజీ సాంస్కృతిక సంఘం దీనికి అభ్యంతరం చెప్పింది. శిబిరం కడుతున్నందుకు కాదు. ఎట్టర్స్‌బర్గ్ అనే మాట మహాకవి గేటే జీవితంతో ముడిపడినది గనక ఖైదీల దొడ్డికి ఆ పేరు తగదని. హిమ్లర్ ఆ అభ్యంతరాన్ని మన్నించాడు. ఆ నెల దాటకముందే శిబిరం పేరు బుకెన్‌వాల్డ్‌గా మారింది. బీచ్ చెట్ల అడవి అని దానికి అర్థం.

సాహిత్యం చదువుకునేవాళ్ళు ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి. ఒక మహాకవి పేరుకు మచ్చ రాకుండా ఒక సాంస్కృతిక సంఘం పూనుకుంది, నెగ్గింది కూడా. మచ్చ రాకుండా చూసుకున్న ఆ కొండ మీద ఎనిమిదేళ్ళలో దాదాపు 56 వేల మంది చనిపోయారు. ఫాసిజం సంస్కృతికి శత్రువు అని మనం అలవాటుగా రాస్తుంటాం. పుస్తకాలు తగలబెట్టిన మాట నిజమే, రచయితలను తరిమేసిన మాటా నిజమే. కాని ఫాసిజానికి సంస్కృతి లేకుండా గడవదు. తనకు పనికొచ్చే గేటే కావాలి, తనకు పనికొచ్చే షిల్లర్ కావాలి, వాళ్ళ ఇళ్ళకు రోజూ దుమ్ము దులిపేవాళ్ళు కావాలి.

పోయిన శరత్కాలంలో లైప్‌జిగ్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, అక్కడి నుంచి ఒక రోజు బస్సు యాత్రలో ఈ రెండు చోట్లూ చూశాను. పొద్దున వైమార్, మధ్యాహ్నం బుకెన్‌వాల్డ్, చీకటి పడేవేళకి మళ్ళీ ఇల్లు. గేటే ఇల్లు, షిల్లర్ ఇల్లు, భోజనం, శిబిరం - యాత్ర కాగితంలో అచ్చువేసిన వరస ఇదీ. ఒకే టికెట్టు మీద ఈ రెండూ చూపించడం బస్సులో కొందరికి ఎబ్బెట్టుగా తోచింది. నాకు మాత్రం అదే సరైన వరస అనిపించింది. విడివిడిగా చూపిస్తేనే అబద్ధమవుతుంది.

నాజీలు వైమార్ మీదికి ఎక్కడి నుంచో ఊడిపడలేదు. ఆధునిక శిల్పకళకు, వాస్తుకళకు పుట్టినిల్లయిన బౌహౌస్ విద్యాలయం 1919లో మొదలయింది ఇక్కడే. నిధులు కోసి, 1925 నాటికి దాన్ని ఊరు దాటించిందీ ఇక్కడి మితవాదులే. మరుసటి ఏడు నాజీ పార్టీ మహాసభ ఈ ఊళ్ళోనే జరిగింది. 1930లో తురింగియా రాష్ట్రంలో ఫ్రిక్ అనే నాజీ మంత్రి అయ్యాడు. జర్మనీ మొత్తం మీద మంత్రిపదవి దక్కిన మొదటి నాజీ అతనే. అతను చేసిన పనుల్లో ఒకటి వైమార్ మ్యూజియంలోని ఆధునిక చిత్రాలను గోడల మీంచి దింపించడం. హిట్లర్ బెర్లిన్‌లో గద్దె ఎక్కడానికి ఇంకా మూడేళ్ళున్నాయి. ఊరు అప్పటికే సిద్ధంగా ఉంది.

షిల్లర్ ఇంట్లో రాతబల్ల చూపించినప్పుడు, మమ్మల్ని తీసుకెళ్ళిన యువతి ఒక సంగతి చెప్పింది. చరిత్ర పరిశోధన చేస్తున్న మనిషి ఆమె. యుద్ధకాలంలో బాంబులు పడతాయనే భయంతో ఈ ఇంటి సామాను భద్రమైన చోటికి తరలించారు. ఇల్లు బోసిపోకూడదు గనక వాటి నకళ్ళు చేయించి పెట్టారు. ఆ నకళ్ళు చేసింది ఎవరంటే బుకెన్‌వాల్డ్ వడ్రంగం కొట్టంలోని ఖైదీలు. స్వేచ్ఛను గానం చేసిన కవి రాతబల్లను సంకెళ్ళలో ఉన్న మనుషులు అంగుళం తేడా లేకుండా చెక్కారు. ఆ రోజుల్లో ఇల్లు చూడవచ్చినవాళ్ళు ఆ బల్ల ముందే నిలబడి పులకించి ఉంటారు. డీటర్ క్యూన్ అనే రచయిత 2005లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు.

మధ్యాహ్నం బస్సు కొండ ఎక్కింది. ఆ రోడ్డును వేసిందీ ఖైదీలే. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు నెత్తుటి బాట. ఇప్పుడు వైమార్ సిటీ బస్సు ఆ దారినే తిరుగుతుంది.

శిబిరం గేటు మీద ఇనుప అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: యెడెమ్ దాస్ జైనె. ఎవరికి దక్కవలసింది వాళ్ళకి అని. రోమన్ న్యాయశాస్త్రం నుంచి వచ్చిన సూత్రం ఇది. బయటి నుంచి చూస్తే అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. లోపల నిలబడినవాడు చదువుకోవడానికే వాటిని అలా బిగించారు. ఆ అక్షరాల రూపం గీసింది ఫ్రాంజ్ ఎర్లిష్ అనే ఖైదీ. బౌహౌస్‌లో చదువుకున్నవాడు, కమ్యూనిస్టు, రాజద్రోహం కేసులో శిక్ష పడినవాడు. యస్.యస్. వాళ్ళు ఆజ్ఞాపిస్తే గీశాడు. కాని వాళ్ళు అసహ్యించుకుని తరిమేసిన బౌహౌస్ గురువుల అక్షరశైలిలోనే గీశాడు. కాపలావాళ్ళకు అది తెలియనే లేదు. ఇది ప్రతిఘటనా, లొంగుబాటా అని బస్సులో వచ్చిన ఒకాయన అడిగాడు. రెండూ కావచ్చునంది మా మార్గదర్శి. నాకు ఆ జవాబు నచ్చింది. మన విమర్శలో ఇలాంటి ప్రశ్నకు ఒక్క మాటలో తీర్పు చెప్పే అలవాటు ఉంది.

గేటు దాటితే ఏమీ లేదు. ఖైదీలను ఉంచిన చెక్క బారకాసులు ఇప్పుడు లేవు. 1950 తర్వాత వాటిని తీసేశారు. అవి ఉన్న చోట్ల నల్లటి రాళ్ళ పరుపులు మాత్రం మిగిలాయి. కొండవాలు కింది దాకా బయలు. ఎముకలు కొరికే గాలి. రోజూ పొద్దునా సాయంత్రం గంటల తరబడి ఖైదీలను నిలబెట్టి లెక్కపెట్టిన మైదానం ఇదే. 1938 నవంబరులో యూదుల ఇళ్ళ మీద, ప్రార్థనాలయాల మీద దాడులు జరిగాక ఒక్క వారంలో ఇంచుమించు పదివేలమంది యూదు పురుషులను ఇక్కడికి తోలుకొచ్చారు. మొత్తం ఎనిమిదేళ్ళలో యాభైకి పైగా దేశాల నుంచి 2 లక్షల 80 వేల మంది దాకా ఈ శిబిరంలోకి, దాని ఉపశిబిరాల్లోకి వచ్చారు. చుట్టూ ఆయుధ కర్మాగారాలు. వాటికి కూలి లేని మనుషులు కావాలి. చచ్చిపోతే మరొకరిని పంపేవారు.

ముళ్ళకంచెకు అవతల, దహనశాలకు ఎదురుగా, ఒక చిన్న రాతి కట్టడం కనిపిస్తుంది. అది ఎలుగుబంట్ల గుంట. యస్.యస్. వాళ్ళ పెళ్ళాంబిడ్డల వినోదం కోసం 1938లో శిబిరం పక్కనే జంతుప్రదర్శనశాల కట్టించారు. జంతువులను ఏడిపించవద్దని శిబిరాధికారి కోహ్ ఆజ్ఞాపత్రం కూడా జారీ చేశాడు. ఆదివారంనాడు పిల్లల చెయ్యి పట్టుకుని ఎలుగుబంటిని చూపిస్తున్న తండ్రికి, తల తిప్పితే కంచె వెనకనున్న మనుషులు కనబడేవారు. కనబడకుండా ఏమీ దాచలేదక్కడ.

దహనశాలలోని కొలుములను చేసిన కంపెనీ టోఫ్ అండ్ సన్స్. ఎర్ఫుర్ట్ పట్టణంలో ఉండేది, ఇక్కడికి పాతిక కిలోమీటర్ల లోపే. మామూలుగా బ్రూవరీలకు సామగ్రి చేసే కుటుంబ వ్యాపారం. కొలుముల మీద కంపెనీ పేరు ఇప్పటికీ చదవవచ్చు. ఆష్‌విట్జ్‌కు కూడా కొలుములు పంపింది వీళ్ళే. ఆ కంపెనీ ఇంజనీర్లలో ఒకడు యుద్ధం మధ్యలో ఇంకా వేగంగా, ఇంకా ఎక్కువ శవాలు కాల్చే కొలిమి కనిపెట్టి పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఎవరూ తుపాకి పెట్టి బెదిరించి చేయించలేదు. అది ఒక ఆర్డరు, అంతే. అంతకుముందు, 1940 దాకా, ఇక్కడి శవాలను వైమార్ మునిసిపల్ శ్మశానంలో కాల్చేవారు. అంటే ఊరి గుమాస్తాలు రశీదులు రాశారు, ఊరి బండ్లు తిరిగాయి. 1945 ఏప్రిల్ 16న అమెరికన్ సైన్యం వెయ్యిమంది వైమార్ పౌరులను బలవంతంగా ఈ కొండ ఎక్కించి శవాల గుట్టలు చూపించినప్పుడు మాకేమీ తెలియదన్నవాళ్ళు చాలామంది. ఏ ఊళ్ళో అన్నారామాట? బౌహౌస్‌ను తరిమిన ఊళ్ళో, గేటే పేరును కాపాడుకున్న ఊళ్ళో.

ఈ దహనశాలలోనే 1944 ఆగస్టులో జర్మన్ కమ్యూనిస్టు నాయకుడు ఎర్న్‌స్ట్ థేల్మన్‌ను కాల్చి చంపారు. పదకొండేళ్ళకు పైగా ఒంటరి జైల్లో ఉంచి, ఒక రాత్రి రహస్యంగా తెచ్చి చంపి, విమానదాడిలో పోయాడని పత్రికల్లో వేయించారు. కొంచెం అవతల గుర్రపుశాల ఉండేది. 1941 నుంచి అందులో ఎనిమిది వేలమందికి పైగా సోవియట్ యుద్ధఖైదీలను వైద్యపరీక్ష అని నమ్మించి, ఎత్తు కొలిచే పట్టీకి ఆనించి నిలబెట్టి, వెనక సందులోంచి మెడ మీద కాల్చారు. కాల్చినవాళ్ళు తెల్లకోట్లు వేసుకున్నారు.

ఇక మన సాహిత్యానికి సంబంధించిన సంగతికి వస్తాను.

బుకెన్‌వాల్డ్ గురించి ప్రపంచంలో అందరికంటే ఎక్కువమందికి చెప్పిన రచయిత బ్రూనో అపిట్జ్. లైప్‌జిగ్ కార్మిక కుటుంబంలో 1900లో పుట్టాడు. 1937 నుంచి విడుదల దాకా ఇక్కడే ఖైదీ. శిబిరం మధ్యలో అడవి నరికేటప్పుడు వదిలేసిన ఒక ఓక్ చెట్టుండేది. ఖైదీలు దాన్ని గేటే చెట్టు అనేవారు. 1944 ఆగస్టులో విమానదాడికి అది కాలిపోతే అపిట్జ్ దాని చెక్కముక్క ఒకటి దాచి అందులో చనిపోతున్న మనిషి ముఖం చెక్కాడు. 1958లో ఆయన నవల వచ్చింది. దాని పేరును తెలుగులో 'తోడేళ్ళ మధ్య నగ్నంగా' అనవచ్చు. ముప్ఫై భాషల్లోకి వెళ్ళింది. తూర్పు జర్మనీలో బడిపిల్లలందరూ చదివారు. 1963లో సినిమా అయింది. ఒక యూదు పసివాడిని పెట్టెలో పెట్టి దొంగచాటుగా శిబిరంలోకి తెస్తారు. రహస్య సంఘంలోని కమ్యూనిస్టు ఖైదీలు తమ ప్రాణాలూ సంఘం ప్రాణమూ పణంగా పెట్టి వాణ్ణి దాచిపెడతారు. చివరకు ఖైదీలు తిరగబడి విముక్తులవుతారు. పసివాడు బతుకుతాడు.

పసివాడు నిజంగానే ఉన్నాడు. పేరు స్టెఫాన్ యెజి త్స్వైగ్. పోలెండ్‌లోని క్రాకోవ్‌లో 1941లో పుట్టాడు. పెట్టెలో రాలేదు. 1944 ఆగస్టులో తండ్రితో కలిసి వచ్చాడు, శిబిరం రిజిస్టరులో నంబరుతో సహా నమోదయ్యాడు. కమ్యూనిస్టు ఖైదీలు వాణ్ణి కాపాడిన మాట నిజం. ఎలా కాపాడారనేదే నవలలో లేదు.

1944 సెప్టెంబరు 25న ఇక్కడి నుంచి ఆష్‌విట్జ్‌కు రెండు వందలమంది పిల్లలను, కుర్రవాళ్ళను పంపారు. ఎక్కువమంది సింతీలు, రోమాలు. జిప్సీలని మనం పిలిచేవాళ్ళు. కొన్ని వందల ఏళ్ళ కిందట ఉత్తర భారతం నుంచి వెళ్ళినవాళ్ళ సంతతి. వాళ్ళ రోమానీ భాషలో ఇప్పటికీ నీళ్ళంటే పానీయే. ఆ రెండు వందలమంది టైపు జాబితా మిగిలి ఉంది. అందులో త్స్వైగ్ పేరు కూడా ఉంది. ఖైదీల్లో కొందరు శిబిరం కార్యాలయాల్లో గుమాస్తాలుగా, ఆసుపత్రిలో పనివాళ్ళుగా ఉండేవారు. వాళ్ళ చలవతో ఆ పేరు కొట్టేశారు. అలా పన్నెండు పేర్లు కొట్టేశారు. కాని యస్.యస్. వాళ్ళకు కావలసింది రెండు వందలు. లెక్క తగ్గడానికి వీల్లేదు. అందుకని పన్నెండు కొత్త పేర్లు ఎక్కించారు. త్స్వైగ్ స్థానంలో ఎక్కిన పేరు విల్లీ బ్లుమ్. పదహారేళ్ళ సింతీ కుర్రవాడు. ఊరూరా తిరిగి బొమ్మలాట ఆడించే కుటుంబం వాళ్ళది.

విల్లీ తమ్ముడు రుడాల్ఫ్ అప్పటికే ఆ జాబితాలో ఉన్నాడు. తమ్ముడితో పాటు తనూ వెళతానని విల్లీయే అడిగినట్టు శిబిరం కాగితాలు చెబుతున్నాయి. అయితే ఇంకేం, అతనే ఒప్పుకున్నాడు గదా అనేవాళ్ళున్నారు. ఆ పిల్లలు అంతకు రెండు నెలల ముందే ఆష్‌విట్జ్ నుంచి వచ్చారు. అక్కడేం జరుగుతుందో తెలిసినవాళ్ళు. తమ్ముణ్ణి ఒంటరిగా అక్కడికి పంపడమా, తనూ వెళ్ళడమా - ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవడాన్ని ఇష్టపూర్వకం అంటే ఆ మాటకు అర్థం లేదు. అన్నదమ్ములిద్దరూ తిరిగి రాలేదు.

మూడేళ్ళ పసివాడికి ఇందులో బాధ్యత ఏమిటి? ఏమీ లేదు. పెద్దయ్యాక త్స్వైగ్ తన బతుకును 'మార్పిడి' అనే మాటతో వర్ణించినందుకు బాధపడ్డాడు, న్యాయస్థానం దాకా వెళ్ళాడు. ఆ బాధ న్యాయమైనదే. పేరు కొట్టేసినవాళ్ళను నిందించడానికి కూడా నాకు నోరు రాదు. ఉరితాడు మెడమీద ఉన్నవాళ్ళు ఆ గుమాస్తాలు. ఆంటోనిన్ కలీనా అనే చెక్ కమ్యూనిస్టు ఇదే శిబిరంలో 66వ బారకాసుకు పెద్దగా ఉండి వందలమంది యూదు పిల్లలను కాపాడాడు. విముక్తి నాటికి మిగిలిన 21 వేలమందిలో తొమ్మిది వందలమంది పిల్లలూ కుర్రవాళ్ళూ ఉన్నారంటే ఇలాంటివాళ్ళ వల్లనే. నా పేచీ వాళ్ళతో కాదు, నవలతో.

ఎందుకంటే ఈ నేరం ఎలాంటిదో తెలిపే అసలు సాక్ష్యం ఆ రెండో పేరులోనే ఉంది. ఫాసిజం మనిషిని చంపడంతో ఆగలేదు. ఒకణ్ణి రక్షించాలంటే ఇంకొకణ్ణి లెక్కలో చూపించవలసిన ఏర్పాటు చేసింది. మంచివాళ్ళ చేతిలో కలం పెట్టి జాబితా రాయించింది. కొట్టేసిన పేరును మాత్రమే చెప్పే కథ వీరగాథ అవుతుంది. రెండు పేర్లూ చెప్పే కథ ఫాసిజం చరిత్ర అవుతుంది. అపిట్జ్‌కు ఇది తెలియక కాదు. 2012లో వచ్చిన కొత్త ప్రచురణలో ఆయన పాత చిత్తుప్రతుల భాగాలు చేర్చారు. అధికారం చేతికొచ్చిన ఖైదీల చిక్కులు, వాళ్ళ చేతులకంటిన మసి అచ్చయిన నవలలోకన్నా ఆ చిత్తుల్లో ఎక్కువ. అచ్చుకు వెళ్ళే దారిలో అవి జారిపోయాయి. కొంత ప్రభుత్వానికి ఏది కావాలో తెలిసి, కొంత తోటివాళ్ళ మీద మచ్చ పడకూడదని. గేటే పేరుకు మచ్చ రాకూడదన్న సంఘంతో దీన్ని పోల్చను, పోల్చడం అన్యాయం. కాని 'మచ్చ రాకూడదు' అనే కోరిక సాహిత్యంలో ఏం చేస్తుందో మాత్రం గమనించాలి.

ఇమ్రె కెర్తేజ్ కూడా ఇక్కడి ఖైదీయే. హంగరీ యూదు కుర్రవాడు. 1975లో వచ్చిన ఆయన నవలలో వీరుడెవరూ లేడు. ఆ నవలకు చాలాకాలం పాఠకులే లేరు. నోబెల్ బహుమతి 2002లో వచ్చింది. అపిట్జ్ నవలను, దీన్ని పక్కపక్కన పెట్టి చదివించే అధ్యాపకుడు ఎక్కడైనా ఉంటే ఆ తరగతిలో వెనక బెంచీ మీద కూర్చోవాలని ఉంది.

ఇది దూరదేశపు గొడవ అని తోసెయ్యడానికి మనకు వీలు లేదు. 1935లో పారిస్‌లో రచయితలు ఫాసిజానికి వ్యతిరేకంగా సమావేశమైనప్పటి గాలే 1936లో లక్నోకు, 1943లో తెనాలికి వీచింది. తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టేనాటికి ఈ కొండ మీద కొలుములు మండుతున్నాయి. మన సాహిత్యోద్యమం పుట్టుకలోనే ఫాసిస్టు వ్యతిరేకత ఉంది. ఆ వ్యతిరేకతకు భాషను వీరగాథ నుంచి తెచ్చుకున్నాం. పోరాట నవలల్లో అమరుడి పేరు తెలుస్తుంది. అతని ఆచూకీ చెప్పనందుకు దెబ్బలు తిని చచ్చిపోయిన పాలేరు పేరు, అతనికి అన్నం పెట్టి ఆపైన ఊరొదిలి పోయిన ఇంటివాళ్ళ పేరు ఎన్ని నవలల్లో తెలుస్తుంది?

కొండకు దక్షిణపు వాలులో తూర్పు జర్మనీ ప్రభుత్వం 1958లో కట్టిన స్మారకం ఉంది. బ్రహ్మాండమైన గంటస్తంభం, ఫ్రిట్జ్ క్రెమర్ పోతపోసిన కంచు విగ్రహాలు, దేశాల పేర్లతో పద్ధెనిమిది రాతిదిమ్మెలు. విగ్రహాల గుంపులో ఒక పిల్లవాడూ ఉన్నాడు. శిల్పం గొప్పదే, ఆ మాట చెప్పాలి. కాని దేశం పేరుతో కాక జాతి పేరుతో చచ్చినవాళ్ళకు అక్కడ చోటు లేదు. యూదుల స్మారకం 1993లో, సింతీ రోమాలది 1995లో వచ్చాయి. రెండూ కింద శిబిరం బయల్లో ఉన్నాయి.

ఆ ప్రభుత్వం దాచిన సంగతి ఇంకొకటుంది. 1945 ఆగస్టు నుంచి 1950 దాకా సోవియట్ రహస్య పోలీసులు ఇదే చోట తమ నిర్బంధ శిబిరం నడిపారు. మొత్తం 28 వేల మందిని ఉంచారు. నాజీ పార్టీ చిన్న నాయకులు ఎక్కువ, ఏ నేరం చెయ్యని వాళ్ళూ ఉన్నారు. ఆకలితో, జబ్బులతో ఏడువేల మందికి పైగా చనిపోయారు. ఆ గోతులు ఉత్తరపు అడవిలో ఉన్నాయి. 1990 తర్వాతనే వాటి మీద ఇనుప కంబాలు పాతారు. రెండు శిబిరాలూ ఒకటేనని చెప్పడానికి ఈ గోతులను వాడుకునేవాళ్ళు జర్మనీలో ఉన్నారు. ఒకటి కావు. చంపడమే ధ్యేయంగా గుర్రపుశాలలో ఎత్తు కొలిచే పట్టీ బిగించడం వేరు. అంతమాత్రాన గోతులను మనం చూడకుండా దాటిపోవడానికి వీల్లేదు. దాటిపోయినందువల్లనే అవి వాళ్ళ చేతి ఆయుధాలయ్యాయి.

వాళ్ళ బలం పెరుగుతోంది. 2022లో ఇక్కడి మృతుల జ్ఞాపకార్థం నాటిన చెట్లను ఎవరో నరికేశారు. 2024 సెప్టెంబరులో తురింగియా శాసనసభ ఎన్నికల్లో తీవ్ర మితవాద పార్టీ ఎ.ఎఫ్.డి. అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకుంది. 1930లో మొదటి నాజీ మంత్రి వచ్చిన రాష్ట్రం అదే గదా అని నేనంటే మా మార్గదర్శి తల ఊపింది, ఏమీ అనలేదు. ప్రభుత్వ జీతం మీద బతికే సంస్థ కోసం పనిచేస్తోంది.

సింతీ రోమాల స్మారకం ఒకప్పటి 14వ బారకాసు చోట ఉంది. మోకాలెత్తు నుంచి మనిషెత్తు దాకా గరుకు రాతిస్తంభాలు, వాటి మీద శిబిరాల పేర్లు. మనుషుల పేర్లు లేవు. విల్లీ బ్లుమ్ ఎవరు, వాళ్ళ బొమ్మలాట ఏ ఊళ్ళు తిరిగేది, ఆ ఇంట్లో ఎవరెవరు ఉండేవారు అని వెతికి ఆనెట్ లేయో అనే చరిత్రకారిణి ఒక పుస్తకం రాసింది. అది అచ్చయింది 2018లో, అపిట్జ్ నవలకు అరవై ఏళ్ళ తర్వాత.